శుక్రవారం తప్పులు

తొమ్మిదేళ్ళు పాఠం చెప్పిన మనిషి మళ్ళీ చదువుకుంటానని వస్తే యూనివర్సిటీలు ఎందుకో అనుమానంగా చూస్తాయి. ఝాన్సీకి ఈ సంగతి రెండుసార్లు తెలిసొచ్చింది.

మొదటిచోట ఇంటర్వ్యూలో ఒక పెద్దాయన ఆమె వివరాలు తిరగేసి, "పాఠాలు చెప్పారు, సంతోషం. రీసెర్చి ఏం చేశారు?" అన్నాడు.

రెండోచోట ఆ మాత్రం సంతోషం కూడా లేదు. "స్కూలు టీచర్లకి ఒక అలవాటుంటుందమ్మా. అన్నీ తెలుసనుకుంటారు" అన్నాడు అక్కడి ఆయన.

"అది ప్రొఫెసర్లకి ఉండదా అండీ?" అంది ఝాన్సీ.

సీటు రాలేదు.

ఇక మిగిలింది ఒక్కటే. సముద్రం ఒడ్డున గుట్టమీదున్న యూనివర్సిటీలో, ఫిజిక్స్ డిపార్టుమెంటులో, యోహాను మాస్టారి ల్యాబ్. వేడి ఎలా ప్రయాణిస్తుంది, గాలిని ఎలా కదిలిస్తుంది, గోడని ఎలా దాటుతుంది అన్నది అక్కడి పని. పిహెచ్‌డి సీటు ఒకటే ఖాళీగా ఉంది. దాన్ని ఎవరికివ్వాలన్నది మాస్టారి ఇష్టం. ఝాన్సీకి పరీక్ష రాసి తెచ్చుకున్న ఫెలోషిప్ ఉంది గానీ, ఈ ఏడాదిలోగా ఎక్కడో ఒకచోట చేరకపోతే అది పోతుంది. ఫెలోషిప్ లేకుండా పార్వతీపురంలో స్కూలు ఉద్యోగం మానుకునే స్థోమత ఆమెకి లేదు. ఈ సీటు వస్తే పరిశోధన. రాకపోతే ఎనిమిదో తరగతి 'బి' సెక్షను, ఓపికున్నంత కాలం.

ఎనిమిది 'బి' అంటే ఆమెకి చిన్నచూపేం లేదు. నిజానికి ఇష్టం. కానీ ఎమ్మెస్సీ చదివే రోజుల నుంచీ ఆమెకి ఇంకో ఆకలుంది. అది తొమ్మిదేళ్ళయినా తగ్గలేదు.

ఆమె మాస్టారికి ఫోన్ చేసింది. చుట్టూ తిప్పకుండా అడిగింది.

"మాస్టారూ, పాఠాలు చెప్పిన అనుభవాన్ని మీరు లెక్కలోకి తీసుకుంటారా, తీసుకోరా?"



"శుక్రవారం నాలుగింటికి టీకి రండి" అన్నారు.

అది జవాబో, జవాబు దాటేయడమో ఆమెకి అర్థం కాలేదు.

శుక్రవారం బస్సులో దారిపొడుగునా వాదన సిద్ధం చేసుకుంది. కాలేజీలో చదివే రోజుల్లో ఏ డిబేట్‌కి వెళ్ళినా ఆమె పద్ధతి అదే. ఎదుటివాడు ఏమంటాడో ముందే ఊహించి, దానికి జవాబు దగ్గర పెట్టుకుని వెళ్ళడం. రీసెర్చి లేదంటే ఇలా చెప్పాలి. వయసంటే అలా చెప్పాలి. అన్నీ తెలుసనుకుంటారంటే, తెలిసిన విషయాన్ని తెలియనివాళ్ళకి చెప్పడం ఎంత కష్టమో ఒక్క గంట మా క్లాసులో నిలబడి చూడండి అనాలి. యూనివర్సిటీ గేటు దగ్గర దిగేసరికి వాదనలో ఎక్కడా సందు లేదు.

డిపార్టుమెంటు వరండాలో నలుగురు కుర్రవాళ్ళు బెంచీ మీద కూర్చుని ఉన్నారు. అప్పుడే ఎమ్మెస్సీ పూర్తి చేసినవాళ్ళు. వాళ్ళూ ఆ సీటుకోసమే వచ్చారు, పొద్దున్నే మాస్టారితో మాట్లాడేశారు. ఝాన్సీ చేతిసంచీ, జరీ అంచు చీర, నడకలోని తొందర చూసి ఒకడు లేచి నిలబడ్డాడు.

"మేడమ్, ఇన్విజిలేషన్‌కి వచ్చారా? పరీక్షలు పక్క బ్లాకులో."

"నేనూ పరీక్షకే వచ్చాను. నా పేపర్లోకి చూడకు" అంది ఝాన్సీ.

మిగతా ముగ్గురూ నవ్వారు. వాడు మొహమాటంగా, "సారీ అక్కా" అని దారిచ్చాడు.

*

ల్యాబ్ పాత బిల్డింగులో, మెట్ల కింద ఉంది. లోపల పొడుగాటి బల్ల, గోడకి వేలాడే తీగలు, ఎవరో ఆరేసిన తువ్వాలు. స్టవ్ మీద టీ మరుగుతోంది. స్టవ్ దగ్గరున్నతను దుర్గారావు, మాస్టారి దగ్గర నాలుగో ఏడాది రీసెర్చి స్కాలర్. కిటికీ పక్కన కూర్చున్న అమ్మాయి షకీలా, అక్కడికొచ్చి ఏడాదయింది.

"కూర్చోండి మేడమ్. మాస్టారు వచ్చేస్తారు. మీకు ముందే ఒక మాట చెప్పాలి" అన్నాడు దుర్గారావు. "ఇక్కడ శుక్రవారం టీకి ఒక ఆచారం ఉంది. ఈ వారం ఎవరు ఏం తప్పు చేశారో చెప్పుకోవాలి."

"ఒప్పులు?"

"అవి సోమవారం మీటింగులో. సోమవారం మీటింగు తొందరగా అయిపోతుంది లెండి."

షకీలా కిటికీ దగ్గర్నుంచే నవ్వింది.

"తప్పేం చేయకపోతే?" అంది ఝాన్సీ.

"ఆ వారం పనేం చేయలేదని అర్థం" అన్నాడు దుర్గారావు.

యోహాను మాస్టారు వచ్చారు. పొట్టి మనిషి. చొక్కా చేతులు మోచేతుల దాకా మడిచి ఉన్నాయి. ఝాన్సీ లేచి నమస్కారం పెడితే తనూ పెట్టి, బల్ల చివర ఒక స్టూలు లాక్కుని కూర్చున్నారు. ప్రయాణం ఎలా జరిగిందని అడగలేదు. దుర్గారావు వైపు చూశారు.

దుర్గారావు టీ పోస్తూనే మొదలుపెట్టాడు. "నాది పెద్దదే మాస్టారూ. వారమంతా నా ఇటుక గోడ లోపలి వేడి పొద్దున పదిన్నరకి ఒక్కసారిగా పెరిగింది. రోజూ అదే టైము. ఏదో కొత్త విషయం దొరికిందనుకున్నాను. బుధవారం రాత్రి మా ఆవిడకి కూడా చెప్పేశాను."

"అయితే?"

"నిన్న చూస్తే, పదిన్నరకి ఆ వెంటిలేటర్లోంచి ఎండ సరిగ్గా థర్మామీటరు మీద పడుతోంది."

"మీ ఆవిడకి చెప్పావా?" అంది షకీలా.

"ఇంకా లేదు. ఆదివారం దాకా నన్ను శాస్త్రవేత్తగా ఉండనీ."

షకీలా తనది చెప్పింది. రెండు సీసాల మూతలు తారుమారు చేసి, మూడు రోజులు ఒకదాని కొలతలు ఇంకోదాని కింద రాసుకుంది. మాస్టారి వంతు వచ్చింది.

"మంగళవారం షకీలా నాకొకటి చెబుతుంటే సగంలోనే కాదన్నాను. ఆమె చెప్పిందే నిజం. పూర్తిగా వినుంటే మంగళవారమే తెలిసేది" అన్నారు ఆయన. అని టీ తాగారు.

ఝాన్సీకి ఇది వింతగా అనిపించింది. ఆమె పనిచేసే స్కూల్లో స్టాఫ్ రూమ్ అంటే ఎవరి తప్పు వాళ్ళు దాచుకునే చోటు.

"మేడమ్ అతిథి కదా మాస్టారూ. వదిలేద్దాం" అన్నాడు దుర్గారావు.

"నేను అతిథిగా రాలేదు" అంది ఝాన్సీ.

చెప్పడానికి లేచి నిలబడింది. లేవాల్సిన పనిలేదు, అలవాటు. టీ గ్లాసు పక్కన పెట్టి, బల్లకి వీపు ఆనించి, వాళ్ళ ముగ్గురి వైపూ తిరిగింది.

"తప్పులంటే నా దగ్గర తొమ్మిదేళ్ళవి ఉన్నాయి మాస్టారూ. ఏ పాఠంలో పిల్లలు ఎక్కడ తప్పు రాస్తారో పేపరు తెరవకముందే చెప్పగలను. చలికాలం పొద్దున ఒకే గదిలో ఉన్న స్టీలు గ్లాసూ చెక్క పీటా ఏది ఎక్కువ చల్లన అని అడుగుతాను. స్టీలు గ్లాసే అంటారు. రెండూ రాత్రంతా ఒకే గదిలో ఉన్నాయి కదరా, రెండింటి చల్లదనం ఒకటే కదరా అంటే, ముట్టుకుని చూడండి టీచర్ అంటారు నాకే."

షకీలా నవ్వింది.

"ఐసుముక్కని రగ్గులో చుట్టిపెడితే ఏమవుతుందని అడుగుతాను. తొందరగా కరుగుతుందని రాస్తారు. ఎందుకురా అంటే రగ్గు వేడినిస్తుంది కదా టీచర్ అంటారు. ఫ్రిజ్ తలుపు తెరిచిపెడితే గది చల్లబడుతుందా అంటే క్లాసు క్లాసంతా అవునంటుంది. ఒకడైతే, మా ఇంట్లో ఏసీ లేదు టీచర్, ఎండాకాలం మేం అదే చేస్తాం, మా అమ్మ తిడుతుంది అన్నాడు."

ఆమె బాగా చెబుతుంది. గొంతులు మార్చి, పిల్లల మొహాలు పెట్టి చెబుతుంది. దుర్గారావు టీ గ్లాసు పట్టుకోలేక బల్లమీద పెట్టేశాడు. తన అనుభవం ఏమిటో వేరే వాదన అక్కర్లేకుండానే రుజువవుతోందని ఝాన్సీకి అనిపించింది. ఊపు పెరిగింది.

"అన్నిటికంటే నన్ను విసిగించింది కొవ్వొత్తి. పళ్ళెంలో నీళ్ళు పోసి, మధ్యలో కొవ్వొత్తి వెలిగించి, దానిమీద గాజుగ్లాసు బోర్లిస్తాం. మంట లోపలి ఆక్సిజన్ని వాడుకుంటూ ఉంటుంది, ఆ ఖాళీలోకి నీళ్ళు ఎక్కుతాయి, ఆక్సిజన్ అయిపోగానే మంట ఆరిపోతుంది. మా స్కూలు నోట్సులో మూడు ముక్కల్లో ఉంటుంది. రెండు మార్కులు. ప్రతి ఏడూ నలుగురో అయిదుగురో దీన్ని తిరగేసి రాస్తారు. మంట ఆరిపోయిన తర్వాత నీళ్ళు ఎక్కుతాయట. సీనియర్ల దగ్గర చూసి రాస్తున్నారేమోనని ఒక ఏడాది ప్రశ్న మార్చి ఇచ్చాను. అయినా అదే. మా స్కూల్లో తప్పులు కూడా వంశపారంపర్యం మాస్టారూ."

ముగ్గురూ నవ్వారు. మాస్టారు అందరికంటే ఎక్కువసేపు నవ్వారు. నవ్వు ఆగాక అన్నారు.

"అవి పిల్లల తప్పులు కదమ్మా."

బస్సులో సిద్ధం చేసుకున్నవాటిలో ఈ మాటకి జవాబు లేదు.

ఆయన దానికోసం ఆగలేదు. లేచి, కరెంటు పోయినప్పటికని డ్రాయర్లో పెట్టిన కొవ్వొత్తుల కట్టలోంచి ఒకటి తీశారు.

"చివరిది మాకు పాఠంగా చెప్పండి."

*

పాఠం చెప్పమన్నాక ఝాన్సీకి మళ్ళీ ఊపిరాడింది. అది ఆమె సొంత మైదానం.

షకీలా టీ పళ్ళెం కడిగి తెచ్చింది. నీళ్ళు కనబడాలని కొంచెం డికాక్షన్ కలిపింది. గాజుగ్లాసు లేకపోతే దుర్గారావు ఒక బీకరు ఇచ్చాడు. ఝాన్సీ మైనం కరిగించి కొవ్వొత్తిని పళ్ళెంలో నిలబెట్టి, వెలిగించి, బీకరు బోర్లించింది. ఎన్నోసార్లు చేసిన పని.

బల్ల ముందుకొచ్చి వాళ్ళ వైపు తిరిగింది.

"మంట దేన్ని వాడుకుంటోంది? ఆక్సిజన్ని. ఆక్సిజన్ వాడుకుంటే లోపల ఏమేర్పడుతుంది? ఖాళీ. ఖాళీ ఏర్పడితే బయటి గాలి ఊరుకుంటుందా? ఊరుకోదు, నీళ్ళని లోపలికి నెడుతుంది. అందుకే నీళ్ళు ఎక్కుతున్నాయి. ఆక్సిజన్ అయిపోయింది, మంట ఆరిపోయింది. అర్థమైందా?"

"అర్థమైంది టీచర్" అన్నాడు దుర్గారావు, తనకి తెలియకుండానే. షకీలా అతని చేతిమీద ఒకటి వేసింది.

మాస్టారు నవ్వలేదు.

"నీళ్ళు ఎప్పుడెక్కాయి?"

"మంట వెలుగుతున్నప్పుడు మాస్టారూ."

"మీరు చూశారా?"

"ఎన్నోసార్లు..."

"ఇప్పుడు."

ఝాన్సీ వెనక్కి తిరిగి చూసింది. మంట ఆరిపోయి ఉంది. బీకర్లో నీళ్ళు ఎక్కి ఉన్నాయి. ఎప్పుడెక్కాయో ఆమెకి తెలియదు. అంతసేపూ ఆమె చూసింది వాళ్ళ మొహాల్ని.

తొమ్మిదేళ్ళుగా అంతే. ప్రయోగం వెనకాల, క్లాసు ముందర. ఎనిమిది 'బి' మీంచి ఒక్క నిమిషం కళ్ళు తిప్పితే చాక్‌పీసులు ఎగురుతాయి. ఏ టీచరైనా బల్లకి వీపు పెట్టే నిలబడుతుంది.

మాస్టారు తన స్టూలు తీసుకొచ్చి బల్లకి ఎదురుగా వేశారు. అది పొట్టి స్టూలు. కూర్చుంటే బీకరు కళ్ళకి సమానంగా వస్తుంది.

"కూర్చోండి" అన్నారు.

ఈసారి కొవ్వొత్తి ఆయనే వెలిగించారు. బీకరు ఆయనే బోర్లించారు.

మంట నిటారుగా ఉంది. నీళ్ళు కదల్లేదు. మంట సన్నబడింది. నీళ్ళు ఉన్నచోటే ఉన్నాయి. మంట నీలంగా మారి, వత్తికి అంటుకుని ఒక చుక్కంత అయింది. నీళ్ళు కాస్త కదిలినట్టున్నాయి, లేనట్టున్నాయి. మంట ఆరింది. సన్నటి పొగ తీగలా లేచి బీకరు నడినెత్తిన ముడిపడింది.

అప్పుడు నీళ్ళు ఎక్కాయి. తొందరగా, ఎవరో పిలిచినట్టు, కొవ్వొత్తి నడుము దాకా ఎక్కాయి.

"ఇంకోసారి మాస్టారూ" అంది ఝాన్సీ.

ఆయన ఇంకోసారి వెలిగించారు. మళ్ళీ అంతే.

ఆమె స్టూలు మీంచి లేవలేదు. ఆ జవాబు రాసిన పిల్లలు ఒక్కొక్కరే గుర్తొస్తున్నారు. సూరిబాబు. బొడ్డు గౌరి. లైను కట్టకుండా నీళ్ళ కుండ దగ్గరే తచ్చాడే చిన్నారావు. ఒకరికొకరు తెలియదు. వేరే వేరే ఏళ్ళు, వేరే వేరే ఊళ్ళు. వీళ్ళలో ఎవరూ ర్యాంకుల్లో ఉండేవాళ్ళు కారు. నోట్సు కంఠస్థం చేసినవాళ్ళెవరూ ఈ తప్పు రాయలేదు. ఇంటికెళ్ళి చేసి చూసినవాళ్ళే రాసుంటారు. కరెంటు పోయిన సాయంత్రం ఇంట్లో నేలమీద బాసింపట్టు వేసుకుని కూర్చుంటే, గ్లాసు సరిగ్గా కళ్ళకెదురుగా ఉంటుంది.

"రెండు మార్కులు" అంది, ఎవరితోనూ కాకుండా.

దుర్గారావు ఆమె వైపు చూసి, "పోనీలెండి మేడమ్. నేను ఎండని పట్టుకుని కొత్త సిద్ధాంతం అనుకున్నాను" అన్నాడు.

ఓదార్పు అందుకోవడం ఝాన్సీకి చేతకాదు. చిన్నప్పటి నుంచీ అంతే. డిబేట్‌లో ఓడిపోతున్నప్పుడు కూడా ఆమె కూర్చుని బాధపడేది కాదు. ఎదుటివాడి మాట ఎక్కడ బలంగా ఉందో చూసి, అవసరమైతే తన పక్షాన్ని తనే విరగ్గొట్టేది. ఇప్పుడు ఎదుటి పక్షంలో సూరిబాబు ఉన్నాడు. తన పక్షంలో మూడు ముక్కల నోట్సు ఉంది.

"ఆగండి" అంది. "ఆక్సిజనే కారణమనుకుందాం. ఒక కొవ్వొత్తి వెలిగినా మూడు వెలిగినా బీకర్లో ఉన్న గాలి అదే. అందులోని ఆక్సిజన్ అదే. అప్పుడు నీళ్ళు ఎక్కే ఎత్తు మారకూడదు. అవునా?"

"అవును" అంది షకీలా, ముందుకు వంగి.

"డ్రాయర్లో ఇంకా ఉన్నాయా?"

దుర్గారావు కట్టంతా తెచ్చి ఆమె ముందు పెట్టాడు. ఝాన్సీ పెన్నుతో బీకరు మీద నీళ్ళు ఎక్కినచోట గీత పెట్టింది. నీళ్ళు దించి, మూడు కొవ్వొత్తులు దగ్గరదగ్గరగా నిలబెట్టి వెలిగించింది. ఈసారి బల్లకి వీపు పెట్టి నిలబడలేదు. స్టూలు మీద కూర్చునే బీకరు బోర్లించింది. మూడు మంటలూ ఒకదాని తర్వాత ఒకటి ఆరాయి. నీళ్ళు ఎక్కాయి. గీత దాటాయి. దాటి ఇంకా ఎక్కాయి.

"వేడి" అంది ఝాన్సీ. గొంతులో మళ్ళీ పాత పదును వచ్చింది. "ఇది తినేసిన గాలి సంగతి కాదు. వేడెక్కిన గాలి సంగతి. మంట ఉన్నంతసేపు లోపలి గాలి వేడెక్కి ఉబ్బి ఉంది. ఆరగానే చల్లారి ముడుచుకుంది. మూడు మంటలైతే ఎక్కువ వేడి, ఎక్కువ ముడుచుకోవడం. నీళ్ళు ఆ చోటులోకే ఎక్కాయి."

"బోర్లించగానే అంచుకింద బుడగలు వచ్చాయి మేడమ్. నేను చూశాను. ఉబ్బిన గాలి కొంత అలా బయటికి పోయుంటుంది" అంది షకీలా.

"అదీ ఉంది" అంది ఝాన్సీ.

మాస్టారు బీకరు మీది గీత వైపు చూస్తూ అడిగారు.

"ఖాయమా?"

ఖాయం అన్న మాట ఝాన్సీ నాలిక చివరి దాకా వచ్చింది. క్లాసులో ఎవరైనా ఇలా అడిగితే ఆలోచించకుండా వచ్చే మాట అది. పిల్లల ముందు తడబడకూడదని మొదటి ఏడాదే నేర్చుకుంది. ఆమె బీకరు వైపు ఇంకోసారి చూసింది.

"ఇంకా కాదు" అంది. "మూడు కొవ్వొత్తులు కొంత చోటు కూడా ఆక్రమిస్తాయి. నీళ్ళు ఎక్కువెక్కినట్టు కనబడడానికి అదీ ఒక కారణం కావచ్చు. మూడూ నిలబెట్టి ఒకటే వెలిగించి చూడాలి. మంట లేకుండా, వేడిచేసిన బీకరు ఊరికే బోర్లించి కూడా చూడాలి."

"చూడండి" అన్నారు మాస్టారు.

చూసింది. షకీలా స్టవ్ మీద బీకరు వేడిచేసి గుడ్డతో పట్టుకుని తెచ్చింది. దుర్గారావు గడియారం పట్టుకున్నాడు. మూడూ నిలబెట్టి ఒకటే వెలిగిస్తే నీళ్ళు మూడు వెలిగించినప్పటంత ఎక్కలేదు. మంటే లేని వేడి బీకర్లోకి నీళ్ళు ఎక్కాయి. అయినా ఝాన్సీ ఖాయం అనలేదు. ఇంకేం చూడాలో చెబుతూ పోయింది. మధ్యలో దుర్గారావు ఏదో కాదన్నాడు. ఇద్దరూ వాదించుకున్నారు. ఒకసారి ఆమె నెగ్గింది, ఒకసారి అతను నెగ్గాడు. బల్లమీద మైనం చుక్కలు, డికాక్షన్ నీళ్ళు. టీ గురించి ఎవరికీ గుర్తులేదు.

మాస్టారు పక్కన నిలబడి చూశారు. సగంలో ఎవరి మాటకీ అడ్డం రాలేదు.

*

వెంటిలేటర్లోంచి వెలుతురు తగ్గాక షకీలా బల్ల తుడవడం మొదలుపెట్టింది. ఝాన్సీ గుడ్డ లాక్కుని తనే తుడిచింది. మాస్టారు మడిచిన చొక్కా చేతులు విప్పుకుని బొత్తాలు పెట్టుకున్నారు.

"సోమవారం వచ్చి చేరండి" అన్నారు.

దుర్గారావు ఈల వేయబోయి ఆగాడు.

ఇంకొకరైతే దండం పెట్టి బయటపడేవాళ్ళు. ఝాన్సీ అలాంటి మనిషి కాదు. నెగ్గినా ఎందుకు నెగ్గిందో తెలియకపోతే ఆమెకి తిండి సహించదు.

"మాస్టారూ, నేను ఫోన్లో ఒకటడిగాను. పాఠాలు చెప్పిన అనుభవం లెక్కలోకి వస్తుందా రాదా అని. దానికి మీరింకా జవాబు చెప్పలేదు. చెప్పకుండా సీటిస్తే జాలిపడి ఇచ్చారనుకుంటాను."

"మిమ్మల్ని చూసి ఎవరూ జాలిపడరు మేడమ్" అన్నాడు దుర్గారావు.

"నువ్వుండవోయ్" అన్నారు మాస్టారు. ఝాన్సీ వైపు తిరిగారు. "మీ పిల్లలు ఇంకెక్కడెక్కడ తప్పు రాస్తారన్నారు?"

"ఇందాక చెప్పానుగా మాస్టారూ. స్టీలు గ్లాసూ, చెక్క పీటా..."

చెప్పబోయి ఆగింది. ఇందాక నవ్వించిన మాట ఈసారి నోట్లో వేరేగా తగిలింది.

"ఇది మాత్రం నిజంగా తప్పే" అంది నెమ్మదిగా. "రెండింటి చల్లదనం ఒకటే. థర్మామీటరు పెట్టి చూపించాను. కానీ..."

"కానీ?"

"కానీ థర్మామీటరు చూసిన పిల్లలు కూడా మరుసటి నెల పరీక్షలో స్టీలే అని రాశారు. ప్రతి ఏడూ. నేను దాన్ని మొండితనం అనుకున్నాను. అంతమందికి ఒకే మొండితనం ఎందుకుంటుంది? చేయి థర్మామీటరు కాదు. చేయి ఇంకేదో కొలుస్తోంది. అది ఏం కొలుస్తోందో వాళ్ళకి నేను ఎప్పుడూ చెప్పలేదు. అసలు నన్ను నేనే ఎప్పుడూ అడగలేదు."

షకీలా చేతిలోని పళ్ళెం బల్లమీద పెట్టి కూర్చుంది.

"రగ్గు?" అన్నారు మాస్టారు.

"రగ్గూ అంతే. ఫ్రిజ్జూ అంతే. నీళ్ళు మరిగేటప్పుడు బుడగల్లో ఏముంటుందని అడిగితే గాలి అని రాస్తారు. ఎండాకాలం కుండ ఎందుకు చల్లబడుతుందని అడిగితే మట్టి చలవ అని రాస్తారు. ఇంకా చాలా ఉన్నాయి మాస్టారూ. ఒక్కో పాఠానికి రెండు మూడు ఉంటాయి. ఏది ఏ చోట వస్తుందో నాకు కళ్ళు మూసుకున్నా తెలుసు."

"ఎందుకు వస్తుందో?"

"తెలియదు" అంది ఝాన్సీ. ఆ మాట ఆమె తల ఎత్తి, నిటారుగా నిలబడి చెప్పింది.

మాస్టారు తలుపు దగ్గరికి నడిచి చెప్పులు వేసుకున్నారు.

"పొద్దున నలుగురు వచ్చారు. మంచి పిల్లలు, బాగా చదువుకున్నారు" అన్నారు. "ఎవరి దగ్గరా ఇన్ని తప్పులు లేవు."